వంతెనకి జ్ఞానతల్లి

సాంతా బ్రిహిదా ఊరికి మేయర్ ఎవరని అడిగితే జవాబు తేలిక: అల్మొరాదో. ఏ అల్మొరాదో అన్నప్పుడే కాస్త వేళ్లు మడవాలి. మొదట పెద్దాయన డాన్ ఫెర్మిన్. వరసగా మూడుసార్లు గెలిచాక ఇంక నిలబడకూడదని చట్టం అడ్డొచ్చింది కాబట్టి ఆయన కొడుకు బాయ్. బాయ్‌కీ మూడు అయ్యాక ఆయన భార్య బేబీ. బేబీ గారికి ఇది మూడోసారి, అందుకని కొడుకు జిగ్గీ ఇప్పటికే కౌన్సిల్లో కూర్చుని నవ్వుతూ చేతులు కలపడం సాధన చేస్తున్నాడు. అరవై దాటినా ఆయన బాయే, యాభై ఎనిమిదొచ్చినా ఆవిడ బేబీయే. ఆ ఇంట్లో ఎవరూ పెద్దవాళ్లు కారు. ఆ పని ఊరి జనం చేసుకుంటారు.

మాంగ్ సెబ్యో ఆ కుటుంబాన్ని ముప్ఫై ఏళ్లుగా మోస్తున్నాడు. (మాంగ్ అంటే అక్కడ వయసులో పెద్దవాళ్లని మర్యాదగా పిలిచే మాట.) మాటవరసకి కాదు, నిజంగానే మోస్తున్నాడు. మున్సిపల్ హాలు వెనక గోదాముకి అతనే కాపలా, అతనే కూలీ. ఆరు వందల ప్లాస్టిక్ కుర్చీలు, నాలుగు టెంట్లు, గరగరలాడే మైకు సెట్టు, వాళ్ల మొహాలున్న ఫ్లెక్సీలు అన్నీ అతని భుజం మీదే వెళ్లాలి, అతని భుజం మీదే రావాలి. పాతబడ్డ ఫ్లెక్సీలు ఇంటికి పట్టుకుపోవచ్చు, ఆ ఉద్యోగానికున్న ఒకే ఒక్క లాభం అది. అందుకే అతని ఇంట్లో వంటగది గోడ బాయ్ గారు, కోళ్లగూటి కప్పు డాన్ ఫెర్మిన్, పందుల దొడ్డికి అడ్డం బేబీ గారు. వాన జల్లు ఒక్క చుక్క లోపలికి రాదు. ఆ కుటుంబం వల్ల తమకి ఒరిగిన నికరమైన మేలు అదేనని అతని భార్య లూమింగ్ అంటుంది.

గోదాములో అన్నిటికన్నా భద్రంగా దాచేది పారని. వెండి రంగు పూసిన పార, పిడికి రంగురంగుల రిబ్బన్లు. శంకుస్థాపనలకి తప్ప దేనికీ తియ్యరు, నిజంగా తవ్వితే అది వంగిపోతుంది. శంకుస్థాపన రోజు సెబ్యో పొద్దున్నే వెళ్లి, జాగా చదును చేసి, జల్లెడ పట్టిన మెత్తటి ఇసుక మూడు తట్టలు కుప్పగా పొయ్యాలి. అసలు నేల గట్టిది, మేయర్ గారి మణికట్టు మెత్తనిది. ఆవిడ మూడు పారలు తీస్తుంది, మూడోదాన్ని ఫోటో కోసం గాలిలో ఆపుతుంది. తర్వాత భోజనాలు, ఆ తర్వాత కార్లు. అందరూ వెళ్లిపోయాక సెబ్యో ఆ ఇసుకని మళ్లీ గోనెలకెత్తి గోదాముకి తెచ్చేస్తాడు. అదే ఇసుకతో పన్నెండేళ్లుగా మున్సిపాలిటీ మొత్తానికి అభివృద్ధి జరుగుతోంది.

ఆ పార ఎక్కువసార్లు వెళ్లింది లుమోత్ ఏటి ఒడ్డుకే. ఏటికి అవతల కాలుంబోయన్, సెబ్యో సొంత పల్లె, వంద గడప. ఇవతల బజారు, బడి, ఆసుపత్రి. మధ్యలో అంబో అనే ముసలాయన తెప్ప. వేసవిలో ఏరు మోకాలి లోతు ఉంటుంది. వానల్లో అయితే అంబో కూడా తెప్పని చెట్టుకి కట్టేసి ఇంట్లో కూర్చుంటాడు. ఇక్కడ వంతెన కడతామని అల్మొరాదోలు అయిదుసార్లు శంకుస్థాపన చేశారు, అయిదూ ఎన్నికల ముందే. అయిదుసార్లూ ఇసుక పోసింది సెబ్యోయే. పల్లెలో వాళ్లు అతన్ని ఊరికే వదలరు.

"ఏం మాంగ్ సెబ్యో, ఈసారన్నా మంచి ఇసుక పోశావా? మొలకెత్తుతుందా వంతెన?"

"రోజూ నీళ్లు పొయ్యండ్రా, మొలవక ఏం చేస్తుంది," అనేవాడు సెబ్యో. నవ్వేవాడు కూడా.

ఊళ్లో పనులు జరగవని మాత్రం ఎవరూ అనకూడదు. అల్మొరాదోల పందుల ఫారానికి వెళ్లే సిమెంటు రోడ్డు చూసినవాళ్లెవరూ అనరు. రెండు లారీలు పక్కపక్కన పోవచ్చు, దీపాలు కూడా ఉన్నాయి. మొదట్లోనే "రైతుల పంట బజారుకి చేర్చే దారి" అని బోర్డు. ఆ దారిలో రైతూ లేడు, పంటా లేదు, బజారుకి చేరేవి పందులే. కాలుంబోయన్ వైపు అల్మొరాదోలకి సెంటు భూమి లేదు, ఆ పల్లె చేసుకున్న పాపమంతా అదే.

సెబ్యోకి మాత్రం వంతెన నవ్వులాట కాదు. మొదటి శంకుస్థాపన జరిగిన రెండేళ్లకి, సెప్టెంబరులో, లూమింగ్‌కి నెలలు నిండకముందే నొప్పులొచ్చాయి. ఏరు ఒడ్లు ఒరుసుకుని పారుతోంది. తలుపు రెక్క మీద పడుకోబెట్టి నలుగురు ఒడ్డు దాకా మోసుకొచ్చారు. ఒడ్డు దాకానే. పగలంతా అక్కడే, వానలో, అవతల ఆసుపత్రి పైకప్పు కనబడుతూనే ఉంది. సాయంత్రానికి మగబిడ్డ పుట్టాడు, ఏడవలేదు. ఏరు తగ్గాక డాన్ ఫెర్మిన్ గారింటి నుంచి ఉచితంగా ఒక చిన్న శవపేటిక వచ్చింది. తెల్లది. మూత మీద "డాన్ ఫెర్మిన్ అల్మొరాదో ప్రేమతో" అని అచ్చు కాగితం అంటించి ఉంది. లూమింగ్ ఆ కాగితాన్ని గోరుతో గీకి గీకి తీసేసింది. సెబ్యో వారం తిరక్కుండానే ఉద్యోగానికి వెళ్లాడు. వెళ్లక ఏం చేస్తాడు? ఆ వెళ్లడం తలుచుకుంటే తన మీద తనకే అసహ్యం వేస్తుందని ఇన్నేళ్లలో ఒక్కసారే, ఒక్క లూమింగ్‌తోనే అన్నాడు.

ఆ తర్వాత పుట్టింది జొవెలిన్. ఇప్పుడు ఇరవై మూడేళ్లు, మొగుడు మనీలాలో ఒక షాపు ముందు సెక్యూరిటీ గార్డు. మార్చిలో నర్సు జొవెలిన్ చేతికి పట్టీ చుట్టి చూసి, బీపీ ఎక్కువగా ఉంది, కాన్పు ఆసుపత్రిలోనే కావాలి, అక్టోబరు మొదట్లో అంది. అక్టోబరు అంటే తుఫాన్ల నెల. ఆ రోజు అన్నం పెడుతూ లూమింగ్ ఒక్క మాటే అడిగింది.

"ఏమయ్యా, దీన్ని కూడా ఒడ్డునే కనమంటావా?"

సెబ్యో అన్నం సగంలో వదిలేసి లేచాడు. ఇంటింటికీ తిరిగాడు. మేయర్ని అడుగుదామని కాదు, వెదురు అడగడానికి. ఇల్లు ఎత్తి పక్కకి జరపాలన్నా, నాట్లు వెయ్యాలన్నా ఊరంతా కలిసి కూలి తీసుకోకుండా చెయ్యెయ్యడం అక్కడి పద్ధతి. బయానిహాన్ అంటారు. చేయించుకునేవాళ్లు అన్నం పెడితే చాలు. నలభై మంది మగవాళ్లు, పన్నెండు రోజులు. కొబ్బరి మొద్దులు పాతి, వెదుళ్లు పరిచి, పేము తాళ్లతో బిగించారు. అంబో ముసలాయన సైతం వచ్చి ముడులు వేశాడు.

"నీ పొట్ట నువ్వే కొట్టుకుంటున్నావు కదయ్యా," అన్నారెవరో.

"నడుం పోయిందిరా, తెప్ప మానెయ్యమని మా ఆవిడ ఎప్పట్నించో గోల," అన్నాడు అంబో.

ముప్ఫై ఏళ్లలో జరగని వంతెన పన్నెండు రోజుల్లో తయారైంది. ఇద్దరు పక్కపక్కన నడవచ్చు, మంచం మీద మనిషిని మోసుకుపోవచ్చు. ఆ కొలత సెబ్యోయే పట్టుబట్టి పెట్టించాడు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ ఆగరు, ఆగడం వాళ్లకి రాదు. కొత్త ఇల్లయినా, కొత్త జీపైనా, ఆఖరికి కొత్త కిరాణా కొట్టయినా ఫాదర్ వచ్చి పవిత్రజలం చల్లాలి, బాప్తిస్మంలో చంటిబిడ్డకి ఉన్నట్టే దానికీ ఒక జ్ఞానతండ్రో జ్ఞానతల్లో నిలబడాలి. నిలబడ్డవాళ్లు విందు ఖర్చు చూసుకోవాలి. విందంటే నిప్పుల మీద తిప్పి కాల్చిన పంది.

"అంబోని నిలబెడదాం," అంది లూమింగ్. "ముడులు వేసింది ఆయనే."

"అంబో పంది తెస్తాడా? కప్పని తెస్తాడు," అని అందరూ నవ్వారు.

అప్పుడు సెబ్యో ఆ మాట అన్నాడు. "మేయర్ గారిని అడుగుదాం."

లూమింగ్ చేతిలో గరిటె ఆగింది. "నీకేమన్నా పిచ్చా?"

"అది కాదే. వాళ్లు అయిదుసార్లు మాటిచ్చి కట్టనిది మనం కట్టుకున్నాం. ఆవిడొచ్చి కళ్లారా చూస్తే సిగ్గేస్తుంది. సిగ్గేస్తే సిమెంటు ఇస్తుంది."

"ముప్ఫై ఏళ్లు వాళ్ల కుర్చీలు మోశావు, వాళ్లకి సిగ్గుందని ఇప్పుడు కనిపెట్టావా?" అంది లూమింగ్. అయినా పంది మాట వినగానే పల్లె అప్పటికే రెండు వంతులు సెబ్యో వైపు వెళ్లిపోయింది. పెద్దవాళ్లని పిలవకపోతే చిన్నబుచ్చినట్టు అవుతుందని మిగతా వంతు కూడా తలూపింది. మర్యాద చచ్చేదాకా ఉంటుంది వాళ్లకి.

బేబీ గారు వచ్చారు. ఒక పంది కాదు, మూడు పందులు వచ్చాయి, సొంత ఫారంవే, సిమెంటు రోడ్డు మీదుగా. ఇంకా ఒక ఫోటోగ్రాఫరూ, ఫాదరూ, జిగ్గీ, ఇరవై అడుగుల పొడవు ఫ్లెక్సీ. ఫ్లెక్సీ కట్టాల్సింది ఎలాగూ సెబ్యోయే కాబట్టి అతనే కట్టాడు. వంతెన ఈ కొస నుంచి మధ్య దాకా వెదురు ఒక్క కణుపు కనబడకుండా కప్పేసింది. "కాలుంబోయన్ వంతెన: మేయర్ బేబీ అల్మొరాదో గారి కల నిజమైన వేళ." ఆవిడ ఎత్తు మడమల చెప్పులతో సరిగ్గా నాలుగు అడుగులు నడిచి, కిర్రుమన్నచోట ఆగిపోయారు. మఖ్మల్ దిండు మీద కత్తెర పెట్టుకుని సెబ్యో పక్కన నిలబడ్డాడు.

"నవ్వు సెబ్యో, మీ ఊరి పండగ," అన్నారావిడ.

సెబ్యో నవ్వాడు. ముప్ఫై ఏళ్ల అలవాటు, పెదవులు వాటంతటవే విచ్చుకున్నాయి. ఫాదర్ నీళ్లు చల్లాడు, బేబీ గారు వంతెనకి జ్ఞానతల్లి అయ్యారు, అందరూ చప్పట్లు కొట్టారు, తర్వాత అందరూ తిన్నారు. పంది చర్మం కరకరలాడుతూ కాలింది, ఆ మాట ఒప్పుకోవాలి. ఆవిడకి సిగ్గు వేసిందో లేదో మాత్రం కళ్లద్దాల వెనక ఎవరికీ కనబడలేదు.

జూలై ఆఖర్లో మొదటి పెద్ద వరద వచ్చి వంతెనని కొట్టుకుపోయింది. పట్టున నాలుగు నెలలు కూడా నిలవలేదు. మొద్దులు రెండు మిగిలాయి. ఫ్లెక్సీ కిందెక్కడో చెట్టుకి చుట్టుకుంటే ఎవరో తెచ్చి వడ్లు ఎండబెట్టుకుంటున్నారు. కొత్తది కట్టాలంటే ఏరు తగ్గాలి, ఏరు తగ్గాలంటే జనవరి రావాలి. సెబ్యో టోపీ చేత్తో పట్టుకుని, తను రోజూ పనిచేసే భవనంలోనే, పై అంతస్తులో ఉన్న ఇంజనీరింగ్ ఆఫీసుకి వెళ్లాడు. అక్కడ గుమాస్తా కరీదాద్ మంచిదే, నవ్వుతూ పలకరిస్తుంది.

"కాలుంబోయన్ వంతెనా? అది అయిపోయిందిగా మాంగ్ సెబ్యో," అంది ఫైలు తిప్పుతూ. "ఇదిగో. కాంక్రీటు, నలభై మీటర్లు, రెండు వరసలు. నూటికి నూరు శాతం పూర్తి."

"అమ్మా, అది వెదురుది. మేం కట్టుకున్నాం."

"ఇక్కడ కాంక్రీటని ఉంది." ఆమె ఫోటో తీసి చూపించింది. కింద నుంచి తీసిన ఫోటో. వంతెన ఎక్కడా కనబడదు, పేరే కనబడుతుంది. ముందు బేబీ గారు, పక్కన దిండు, దిండు పట్టుకుని చెవుల దాకా నవ్వుతున్న సెబ్యో. "ఎంత బాగా పడ్డావో చూడు!"

సెబ్యో చూశాడు. కట్టని కాంక్రీటు ఎక్కడికి పోయిందో అతనికి తెలుసు. పందుల ఫారం రోడ్డులో, నీళ్లు ఎప్పుడూ పారని ఒక గుంట మీద, మే నెలలో బ్రహ్మాండమైన వంతెన లేచింది. పందులు కాళ్లు తడవకుండా దాటుతున్నాయి.

"నువ్వొచ్చింది మంచిదే అయింది," అంది కరీదాద్. "ఆ పల్లె మనిషి ఎవరైనా వంతెన అందిందని ఒక సంతకం పెట్టాలి. నువ్వే పెట్టెయ్."

పెన్ను అతని చేతిలో పెట్టింది. సెబ్యో దాన్ని బల్ల మీద పెట్టేశాడు. "పెట్టను."

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఇప్పుడు ఇంజనీరు వస్తాడు, అరుస్తాడు, ఉద్యోగం పోతుంది అనుకున్నాడు. కరీదాద్ ఏమీ అనుకోలేదు.

"సరే, వద్దులే. ఫోటో ఉందిగా, అది చాలు," అంటూ ఫైలు మూసింది. "అయినా కొట్టుకుపోయిందంటున్నావు కదా, మరమ్మత్తు కింద రాస్తాను. ఎన్నికల ముందే మళ్లీ శంకుస్థాపన ఉంటుంది."

ధైర్యం తెచ్చుకుని కాదంటే, ఆ కాదనడం ఎవరికీ అక్కర్లేకపోవడం కన్నా అవమానం ఇంకోటి ఉండదు. సెబ్యో టోపీ పెట్టుకుని మెట్లు దిగాడు. ఫోటోలో ఆ నవ్వు తనది కాదని ఎవరితో చెప్పుకోగలడు? తనదే కదా.

ఆ తర్వాత అతను ఎవరినీ ఏమీ అడగలేదు. సెప్టెంబరు రెండో వారంలో, రెండు వానల మధ్య ఏరు కాస్త నెమ్మదించిన పొద్దున, అంబోని బతిమాలి జొవెలిన్‌నీ లూమింగ్‌నీ తెప్ప మీద ఇవతలికి తెచ్చేశాడు. పట్టణంలో వాళ్లకి నా అన్నవాళ్లు లేరు, అద్దె గది ఇచ్చే స్తోమతు లేదు. గోదాము తాళం చెవి ఉంది. టెంటు గుడ్డలు మడతలు వేసి పరుపు చేశాడు, కుర్చీలు దొంతర్లుగా పేర్చి చాటు కట్టాడు. పక్క సందు చివరే ఆసుపత్రి.

"నాన్నా, చుట్టూ వీళ్ల మొహాలే, కన్ను మూతపడట్లేదు," అంది జొవెలిన్.

"గోడవైపు తిప్పేస్తాలేమ్మా," అని డాన్ ఫెర్మిన్ నుంచి జిగ్గీ దాకా వరసగా అందరినీ గోడవైపు తిప్పేశాడు.

ఆ మూడు వారాల్లోనే, లేని వంతెన మరమ్మత్తుకి శంకుస్థాపన కూడా జరిగింది. సెబ్యో ఇసుక పోశాడు, కుర్చీలు వేశాడు, పార అందించాడు. ఈసారి నవ్వమంటే పళ్లనొప్పి అన్నాడు.

అక్టోబరు మూడున మధ్యాహ్నం జొవెలిన్‌కి నొప్పులొచ్చాయి. బయట తుఫాను, లుమోత్ ఏరు ఒడ్డు దాటి పొలాల్లోకి వచ్చేసిందని కబురు. సెబ్యో కూతుర్ని కుర్చీలు మోసే తోపుడు బండి మీద కూర్చోబెట్టి, పైన ఒక ఫ్లెక్సీ కప్పి, వానలో సందు చివరిదాకా తోసుకుంటూ పరిగెత్తాడు. గంటన్నరలో ఆడపిల్ల పుట్టింది. ఏడ్చింది. ఆ ఏడుపు విని లూమింగ్ వరండాలో నేల మీద కూలబడి, పాతికేళ్ల కిందటి బిడ్డని పేరు పెట్టి పిలిచి ఏడ్చింది. ఆ బిడ్డకి ఆమె ఒక పేరు పెట్టుకుందని సెబ్యోకి అప్పటిదాకా తెలియదు.

మూడో రోజు పొద్దున బేబీ గారు వార్డులోకి వచ్చారు. వెనక ఫోటోగ్రాఫరు, చేతిలో ఆవిడ బొమ్మ ఉన్న సంచి. సంచిలో పాల డబ్బా, దుప్పటి, గొడుగు, అన్నిటి మీదా ఆవిడ బొమ్మే. బాలింతలందరూ లేచి కూర్చున్నారు.

"సెబ్యో! గోదాములో కాపురం పెట్టావట, నాకు ఒక్క మాట చెప్పలేదేం?"

సెబ్యో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పోన్లే, నువ్వు మా ఇంటి మనిషివి," అని ఆవిడ నవ్వి, పిల్లని ఎత్తుకుని ఫోటోగ్రాఫరు వైపు తిరిగారు. "పేరు బేబీ అని పెట్టండి. జ్ఞానతల్లిని నేనే. బాప్తిస్మం విందు కూడా నాదే, మూడు పందులు!"

వార్డంతా గుసగుసలాడింది. మేయర్ జ్ఞానతల్లి అంటే ఆ పిల్లకి బడి ఖర్చుకి లోటు ఉండదు, పెద్దయ్యాక మున్సిపాలిటీలో చిన్నదో పెద్దదో ఉద్యోగం ఖాయం. పక్క మంచం ఆవిడ జొవెలిన్ కేసి అసూయగా చూసింది. అలా నిలబడతానన్నవాళ్లని ఆ దేశంలో ఎవరూ కాదనరు. అది మొహాన కొట్టినట్టు. జొవెలిన్ తండ్రి వైపు చూసింది, లూమింగ్ కూడా అతని వైపే చూస్తోంది. లోకువగా కాదు, ఎదురుచూస్తూ.

సెబ్యో ముందుకొచ్చి, మేయర్ గారి చేతుల్లోంచి మనవరాలిని నెమ్మదిగా తన చేతుల్లోకి తీసుకున్నాడు.

"వద్దు మేడమ్," అన్నాడు. "మీరు జ్ఞానతల్లిగా నిలబడ్డ వంతెన నాలుగు నెలలు కూడా బతకలేదు. ఈ పిల్ల నాకు చాన్నాళ్లు బతకాలి."

ఫోటోగ్రాఫరు కెమెరా దించాడు. బేబీ గారి నవ్వు ఎక్కడిదక్కడే ఉంది, కళ్లు మాత్రం మారాయి.

"ఏమన్నావు?"

మాంగ్ సెబ్యో ఆ మాటే మళ్లీ అన్నాడు, ఈసారి వార్డులో ఆఖరి మంచం దాకా వినబడేలా.